మే నెల గాలి, ఇనుప లంగరు: హల్లానియా దీవి దగ్గర మునిగిన ఓడ

పోయినసారి సర్వీస్ డబ్బుల లెక్క ఎట్లా వేస్తారో మాట్లాడుకున్నాం. ఈసారి అంతకన్నా చాలా పాత లెక్క. 520 ఏళ్ల కిందటిది. ఒమన్ సముద్రంలో మునిగిన ఒక పోర్చుగీసు ఓడ గురించి.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు. జగిత్యాల పక్క ఊరు, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, ఇప్పుడు సలాలాలో సూపర్‌వైజర్. పద్దెనిమిదేళ్లుగా నా పని ఏమిటంటే మట్టి తవ్వించడం, లెవల్ చూడటం, కాంక్రీట్ పోయించడం, సాయంత్రం డైలీ రిపోర్ట్ రాయడం. ఈ ఓడ కథ నన్ను పట్టుకున్నది కూడా ఆ పని వల్లనే. సముద్రంలో తవ్వినవాళ్లు పడ్డ తిప్పలు చదువుతుంటే మన సైటే కనబడింది. తుప్పు పట్టిన ఇనుము, ఉప్పు, లెవల్, గాలి, మాట వినని పెద్దసార్లు. అన్నీ మనకు తెలిసినవే.

ముందు జాగా ఎక్కడో చెబుతాను. సలాలా నుంచి మిర్బాత్ దాటి, హాసిక్ దాటి పోతే తీరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కొన్ని దీవులుంటాయి. పాత పేరు ఖురియా మురియా. ఇప్పుడు హల్లానియాత్ దీవులంటారు. వాటిలో పెద్దది అల్ హల్లానియా. జనం స్థిరంగా ఉండేది ఆ ఒక్క దీవిలోనే, వాళ్లు కూడా చేపలు పట్టుకుని బతికేవాళ్లు. ఈ దీవులకు ఇంకో వింత చరిత్ర కూడా ఉంది. 1854లో ఒమన్ సుల్తాన్ వీటిని బ్రిటన్ రాణికి ఇచ్చేశారు. బ్రిటిష్ వాళ్లకు అక్కడ కావలసింది పక్షుల రెట్ట. పొలాలకు ఎరువుగా దాన్ని తవ్వి ఓడల్లో తీసుకుపోయారు. 1967లో గానీ దీవులు మళ్లీ ఒమన్ చేతికి రాలేదు. అదింకో ఎపిసోడ్‌కి సరిపడే కథ, ఇక్కడ వదిలేద్దాం.

మన కథ 1502లో మొదలవుతుంది. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడని బళ్లో చదువుకున్నాం. ఆయన రెండోసారి వచ్చిన సంగతి మన పుస్తకాల్లో అంతగా రాయరు. రెండోసారి 1502లో మొత్తం 20 ఓడలతో వచ్చాడు. ఈసారి వచ్చింది దారి వెతుక్కోవడానికి కాదు, దారిని సొంతం చేసుకోవడానికి. ఆ ఏడాదే మక్కా యాత్ర ముగించుకుని తిరిగి వస్తున్న 'మిరీ' అనే ఓడను పట్టుకున్నాడు. అందులో వందల మంది యాత్రికులు, ఆడవాళ్లు, పిల్లలు కూడా. సరుకు గుంజుకుని, మనుషులు లోపల ఉండగానే ఓడను తగలబెట్టించాడు. మిరియాల వ్యాపారం అనే మాట ఎక్కడ విన్నా ఈ ఓడను కూడా తలుచుకోవాలని నేనంటాను.

ఆ 20 ఓడల్లో ఒక దళానికి పెద్ద విన్సెంటి సొద్రే. డ గామాకు స్వయానా మేనమామ. ఇంకో మేనమామ బ్రాస్ సొద్రే కూడా అదే దళంలో ఒక ఓడకు కెప్టెన్. కుటుంబ కంపెనీ అనుకోండి. 1503 మొదట్లో డ గామా మిరియాలు నింపుకుని లిస్బన్‌కు బయలుదేరుతూ, ఐదు ఓడలను మేనమామల చేతిలో పెట్టి పోయాడు. వాళ్ల డ్యూటీ స్పష్టంగా ఉంది: కొచ్చిన్‌లో, కన్ననూర్‌లో ఉన్న పోర్చుగీసు గిడ్డంగులనూ, తమను నమ్ముకున్న కొచ్చిన్ రాజునూ కాలికట్ జామొరిన్ నుంచి కాపాడాలి.

వాళ్లేం చేశారు? డ్యూటీ వదిలేసి ఏడెన్ గల్ఫ్ వైపు పోయారు. అక్కడ ఎర్ర సముద్రానికి వచ్చేపోయే అరబ్ ఓడలుంటాయి, వాటిని దోచుకుంటే సొంతానికి డబ్బు. మిరియాలు, లవంగాలు, చక్కెర, బియ్యం, బట్టలు దోచుకుని ఓడలను కాల్చేశారు. ఇటు కొచ్చిన్‌లో కాపలా లేదు. జామొరిన్ వచ్చి పడ్డాడు. కొచ్చిన్ రాజు తన ఊరు వదిలి వైపిన్ దీవికి పారిపోవలసి వచ్చింది. మిమ్మల్ని కాపాడుతామని చెప్పి సంతకాలు పెట్టించుకున్నవాళ్లు, ఆపద వచ్చిన రోజున ఓవర్‌టైమ్ దోపిడీలో ఉన్నారన్నమాట.

1503 ఏప్రిల్‌లో ఆ ఐదు ఓడలు హల్లానియా దీవి ఉత్తరం పక్కనున్న అఖాతంలో లంగరేశాయి. ఒక ఓడ అడుగు పాడైంది, రిపేరు చేసుకోవాలి. దీవిలోని జనం వాళ్లను తరిమేయలేదు. సరుకులు ఇచ్చిపుచ్చుకున్నారు, బాగానే మసిలారు. నెల గడిచింది. మే వచ్చింది. దీవి వాళ్లు ఒక మాట చెప్పారు: ఉత్తరం నుంచి పెద్ద గాలి రాబోతోంది, ఈ అఖాతంలో ఉంటే ఓడలు నిలవవు, దీవికి అవతలి పక్కకు పోండి.

చిన్న ఓడల వాళ్లు విన్నారు, అవతలి పక్కకు జరిగారు. అన్నదమ్ములిద్దరూ వినలేదు. తమ ఓడలు పెద్దవి, లంగర్లు ఇనుపవి, గట్టివి. చేపలు పట్టుకునేవాళ్లు మాకు చెప్పేదేమిటి అన్నట్టు అక్కడే ఉండిపోయారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మే నెలంటే సలాలాలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2018 మే నెలలో మెకును తుఫాను మన నెత్తి మీదుగానే పోయింది. నైరుతి రుతుపవనం పూర్తిగా రాకముందు అరేబియా సముద్రంలో తుఫాన్లు పుట్టే కాలం అది. మెకునుకు ముందు ప్రభుత్వం హెచ్చరిక ఇచ్చింది, ఫోన్లలో మెసేజ్‌లు వచ్చాయి, శాటిలైట్ బొమ్మలు వచ్చాయి. అయినా మా సైటుకు నీళ్ల ట్యాంకర్ తోలే ధోఫారీ ముసలాయన అంతకు ముందే సముద్రం వైపు చూసి, "స్కఫోల్డింగ్ విప్పించు" అన్నాడు. మేం విప్పించాం. ఆయన మెసేజ్ చూడలేదు, ఆయనది కీప్యాడ్ ఫోన్. 1503లో దీవి వాళ్ల దగ్గర అది కూడా లేదు. తాతల నుంచి వచ్చిన లెక్క ఒక్కటే ఉంది, ఆ లెక్క సరిగ్గానే ఉంది.

గాలి వచ్చింది. ఇనుప లంగర్లు నిలబడలేదు. బ్రాస్ సొద్రే ఓడ సావ్ పెద్రో ఒడ్డు వైపు కొట్టుకొచ్చి రాళ్లకు తగిలింది. విరిగిన కొయ్యస్తంభం, తాళ్లు పట్టుకుని అందులోని మనుషులు చాలామంది ఒడ్డెక్కారు. విన్సెంటి ఓడ ఎస్మెరాల్డా అంత అదృష్టం చేసుకోలేదు. అది లోతు నీళ్లలో పగిలిపోయింది. కెప్టెన్‌తో సహా ఒక్కరు కూడా బతకలేదు.

తర్వాత జరిగింది ఉంది చూశారూ, ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది అదే. బతికి బయటపడ్డ బ్రాస్ సొద్రే, అన్న చావుకు పగ తీర్చుకున్నాడు. ఎవరి మీద? గాలి మీద తీర్చుకోలేడు. తన మీద తీర్చుకోడు. ఓడలో ఉన్న ఇద్దరు ముస్లిం పైలట్లను చంపించాడు. పైలట్ అంటే దారి చూపించేవాడు, ఈ సముద్రం తెలిసినవాడు. వాళ్లలో ఒకరు ఇండియా మొత్తంలో మంచి పైలట్ అని పేరున్న మనిషి, డ గామా స్వయంగా అప్పగించి పోయినవాడు. ఆ ఇద్దరి పేర్లూ మనకు అందలేదు. అన్నదమ్ముల పేర్లు అందాయి, ఓడల పేర్లు అందాయి, రాజు పేరు సరేసరి. దారి తెలిసినవాళ్ల పేర్లు లేవు. తర్వాత బ్రాస్ కూడా అక్కడే చచ్చిపోయాడు, ఎట్లా చచ్చాడో కారణం మాత్రం రాయలేదు. ఆ రాయకపోవడంలోనే ఏదో ఉందని నా అనుమానం. సైటు రిపోర్టులు రాసేవాణ్ణి కదా, ఏ లైను ఎందుకు వదిలేస్తారో కొంచెం తెలుసు.

ఇదంతా తెలిసింది ముఖ్యంగా ఒక ఉత్తరం వల్ల. మిగిలిన మూడు ఓడలను తీసుకుపోయిన కెప్టెన్ పేరు పెరో ద అతాయిద్. 1504లో మొజాంబిక్ నుంచి ఆయన పోర్చుగల్ రాజు మాన్యుయెల్‌కు జరిగింది రాశాడు. ఇంటికి చేరకుండా అక్కడే చనిపోయాడు, కాగితం చేరింది. ఒమన్‌కు దూరంగా లిస్బన్‌లో ఆ కాగితాలు భద్రంగా ఉండబట్టే 500 ఏళ్ల తర్వాత ఎక్కడ వెతకాలో తెలిసింది.

వెతికింది డేవిడ్ మెర్న్స్ అనే ఓడల అన్వేషకుడు, ఆయన బృందం. 1998లో, అంటే డ గామా కాలికట్ చేరిన 500వ సంవత్సరంలో, హల్లానియా దీవి అఖాతంలో దిగారు. నీళ్లడుగున గుండ్రటి రాతి గుళ్లు కనబడ్డాయి. దీవి రాయి కాదది, మనుషులు చెక్కినవి, ఫిరంగి గుళ్లు. జాగా దొరికింది, అయితే వెంటనే తవ్వలేదు. ఒమన్ వారసత్వ, సంస్కృతి మంత్రిత్వ శాఖతో కలిసి 2013లో మొదలుపెట్టి 2014లో, 2015లో కూడా తవ్వారు. 2016 మార్చిలో ప్రపంచానికి చెప్పారు. యూరప్ నుంచి ఇండియాకు నడిచిన ఓడల్లో ఇప్పటిదాకా తవ్వి తీసినవాటిలో అన్నిటికన్నా పాతది ఇదే. దొరికిన వస్తువులు 2,800 పైన. అవి ఒమన్‌వే. అమ్మకానికి పెట్టలేదు, పంచుకుని పోలేదు. మునిగిన ఓడల్లో బంగారం తీసి వేలం వేసే కంపెనీలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. 2001లో యునెస్కో చేసిన ఒప్పందం అట్లాంటి వ్యాపారం కూడదంటుంది. ఇక్కడ ఆ పద్ధతిలోనే నడిచారు.

ఇప్పుడు పని గురించి మాట్లాడతాను, నాకు చేతనైనది అదే కాబట్టి.

మునిగిన ఓడ అనగానే సినిమాలో లాగా నిలువెత్తు ఓడ నీళ్లలో కూర్చుని ఉంటుందనుకుంటాం. ఇక్కడ అట్లాంటిది ఏమీ లేదు. లోతు తక్కువ, అల ఉధృతి ఎక్కువ, అడుగున రాయి. 500 ఏళ్లు ప్రతి ఖరీఫ్‌కూ సముద్రం దాన్ని మిక్సర్‌లో వేసి తిప్పినట్టు తిప్పింది. ఓడ కొయ్య పోయింది. మిగిలింది బరువైన సామాను, అది కూడా రాళ్ల సందుల్లోకి జారి, ఇసుక కింద ఇరుక్కుని. మామూలు సైటులో మట్టి పొరలు పొరలుగా ఉంటుంది, పై పొర కొత్తది, కింది పొర పాతది. ఇక్కడ ఆ పొరల లెక్క పనిచేయదు. కాబట్టి ఏ వస్తువు ఏ సందులో, ఏ మూల దొరికిందో ఒక్కొక్కటి ప్లాన్ మీద గుర్తు పెట్టుకుంటూ పోవాలి. జాగా రాయకుండా తీసిన వస్తువు అంగట్లో కొన్న బొమ్మతో సమానం. మనం పైల్ నంబర్, గ్రిడ్ లైన్ రాయకుండా క్యూబ్ టెస్టు చేయించినట్టు. బలం ఎంతో తెలుస్తుంది, ఏ స్తంభానిదో తెలియదు.

ఇంకోటి ఇనుము సంగతి. సముద్రంలో ఇనుము తుప్పు పడుతూ చుట్టూ ఉన్న ఇసుకనూ గవ్వలనూ పట్టుకుని గడ్డ కడుతుంది. పైకి చూస్తే మామూలు రాయి. లోపల ఏముందో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీస్తే గానీ తెలియదు. ఆ గడ్డను నీళ్లలోంచి తీసి ఎండలో పెడితే ఖతం. లోపల చేరిన ఉప్పు ఆరిపోయి, స్ఫటికాలై, ఇనుమును పగలగొడుతుంది. మనకిది కొత్తా? ఉప్పు నీళ్లతో క్యూరింగ్ చేసిన కాలమ్‌లో సీకు ఉబ్బి కవరింగ్ ఊడిపోవడం గల్ఫ్‌లో ఎవరు చూడలేదు? అదే క్లోరైడ్, అదే శత్రువు. అందుకే వాళ్లు తీసిన వస్తువులను తడిగానే ఉంచి, మంచినీళ్లు మారుస్తూ నెలల తరబడి నానబెట్టి ఉప్పు లాగుతారు. తవ్వడం వారాల పని, నానబెట్టడం ఏళ్ల పని. మన దగ్గర పోయడం ఒక్కరోజు, క్యూరింగ్ వారాలు అన్నట్టు. అందులో ఫోటోలు దిగే పని లేదు కాబట్టి దాని గురించి ఎవరూ చెప్పరు.

సరే, ఏం దొరికాయి? నాలుగు వస్తువులు చెబుతాను.

ఒకటి ఓడ గంట. కంచుది. దాని మీద ఎం అనే అక్షరం, 498 అనే అంకెలు కనబడ్డాయి. 1498లో పోత పోసిందని అర్థం చేసుకున్నారు. ఇప్పటిదాకా దొరికిన ఓడ గంటల్లో అన్నిటికన్నా పాతదని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. ఓడలో డ్యూటీలు మారేది గంట కొట్టే. మన షిఫ్ట్ సైరన్ అనుకోండి.

రెండోది ఒక వెండి నాణెం. పేరు 'ఇందియో'. 1499లో మాన్యుయెల్ రాజు ప్రత్యేకంగా ఇండియా వ్యాపారం కోసమే ముద్రించాడు. ఇట్లాంటిది ప్రపంచంలో ఇంకొక్కటే ఉంది, బ్రెజిల్‌లోని రియో మ్యూజియంలో. అంత అరుదు కాబట్టి దాన్ని దయ్యం నాణెం అని కూడా అన్నారు. దీని మీద నాకు వేరే ఆలోచన ఉంది. డ గామా మొదటిసారి కాలికట్ వచ్చినప్పుడు ఆయన తెచ్చిన కానుకలు చూసి అక్కడివాళ్లు నవ్వారు. బట్టలు, టోపీలు, పగడాలు, చక్కెర, నూనె, తేనె. కాలికట్ అంగడిలో వాటికి విలువ లేదు. యూరప్‌లో తయారయ్యే వస్తువు ఇండియాకు అక్కర్లేదు, వెండి బంగారాలే కావాలి. ఇంటికి చేరిన ఏడాదిలోనే ఇండియా పేరుతో వెండి నాణెం కొట్టించారంటే ఆ పాఠం ఎంత తొందరగా ఎక్కిందో చూడండి. ఓడలో బంగారు క్రుజాదో నాణేలు కూడా దొరికాయి. వెండి ఒక చేతిలో, ఫిరంగి గుండు ఇంకో చేతిలో. కొనగలిగితే కొనడం, లేకపోతే గుంజుకోవడం. రెండు సామాన్లూ ఒకే ఓడ అడుగున దొరికాయి.

మూడోది ఆ గుళ్లే. రాతివి కొన్ని. ఇంకొన్ని ఇనుము లోపల పెట్టి పైన సీసం పోసినవి. వాటి మీద వి, ఎస్ అని అక్షరాలు గీసి ఉన్నాయి. విన్సెంటి సొద్రే పేరులోని మొదటి అక్షరాలు కావచ్చని చరిత్రకారులు అంటున్నారు. మన కంపెనీలో షటరింగ్ ప్లేట్ల మీద పెయింట్‌తో పేరు కొట్టినట్టు.

నాలుగోది నాకు బాగా నచ్చింది. 2014లో దొరికిన ఒక గుండ్రటి లోహపు పళ్లెం. 17.5 సెంటీమీటర్ల వెడల్పు, మందం 2 మిల్లీమీటర్ల లోపు, బరువు 344 గ్రాములు. పైన పోర్చుగల్ రాజచిహ్నం, మాన్యుయెల్ రాజు గుర్తయిన గోళం బొమ్మ. అదేమిటో మొదట ఖాయంగా తేలలేదు. ఇంగ్లండ్‌లోని వారిక్ యూనివర్సిటీ వాళ్లు లేజర్‌తో స్కాన్ చేస్తే, కంటికి కనబడని గీతలు బయటపడ్డాయి. సమాన దూరంలో, 5 డిగ్రీలకొకటి. అప్పుడు తేలింది, అది ఆస్ట్రోలేబ్ అని. 1496కూ 1501కీ మధ్య చేసిందని లెక్క కట్టారు. ఓడల్లో వాడే ఆస్ట్రోలేబుల్లో ఇంతకన్నా పాతది దొరకలేదు. 2019లో దీన్ని కూడా గిన్నిస్‌లో ఎక్కించారు.

దాన్ని వాడే పద్ధతి చెబితే మేస్త్రీలకు వెంటనే అర్థమవుతుంది. పైన రింగు పట్టుకుని వేలాడదీస్తారు. తూకం గుండు లాగా అది సొంత బరువుతో నిటారుగా నిలుస్తుంది. మధ్యలో తిరిగే కమ్మీకి రెండు కన్నాలు. మిట్టమధ్యాహ్నం సూర్యుడి వెలుగు రెండు కన్నాల్లోంచీ పోయేదాకా కమ్మీని తిప్పుతారు. గీత మీద ఎన్ని డిగ్రీలో చూసి, భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉన్నామో లెక్క కడతారు. ఊగే ఓడ మీద నిలబడి ఇది చూడాలి. ఒక్క డిగ్రీ తేడా వస్తే 111 కిలోమీటర్లు తప్పు. టోటల్ స్టేషన్ పట్టుకుని మిల్లీమీటర్ల గురించి కొట్లాడుకునే మన సర్వేయర్లు దీన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఇంత మంచి పరికరం చేతిలో ఉండి కూడా ఓడ మునిగింది. డిగ్రీలు చెప్పే పళ్లెం గాలి సంగతి చెప్పదు. అది చెప్పినవాళ్లు ఒడ్డున వలలు అల్లుకుంటున్నారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది ఎస్మెరాల్డాయే అని పేరు రాసిన చెక్క ఏదీ దొరకలేదు. నాణేల కాలం, గంట మీది అంకెలు, గుళ్ల మీది అక్షరాలు, జాగా, ఉత్తరంలో ఉన్న కథ, అన్నీ కలిపి చూసి సొద్రే దళం ఓడ అనీ, రెండింటిలో ఎస్మెరాల్డా అయ్యే అవకాశం ఎక్కువ అనీ అంటున్నారు. యూట్యూబ్‌లో ఖాయం అన్నట్టు చెబుతారు. తవ్వినవాళ్లు మాత్రం జాగ్రత్తగానే రాశారు, నాకు ఆ జాగ్రత్తే నచ్చింది.

ఈ తుఫానుతో పోర్చుగీసు వాళ్లు భయపడి వెనక్కి పోయారా అంటే, లేదు. నాలుగేళ్లలో అల్బుకెర్క్ వచ్చాడు. 1507లో మస్కట్‌ను తగలబెట్టాడు. 1508లో సూర్ దగ్గరి కల్హాత్ రేవును నాశనం చేశాడు. కల్హాత్ ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్న శిథిలాల ఊరు. మస్కట్‌లో పాత రేవుకు రెండు పక్కలా కొండల మీద కనబడే జలాలీ, మిరానీ కోటలు ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1580లలో, వాళ్ల చేతుల్లోనే. శుక్రవారం మత్రా కార్నిష్‌లో టీ తాగి ఆ వైపు పోయి సెల్ఫీ దిగేది ఆ కోటల ముందే. 1650లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ సైన్యం వాళ్లను మస్కట్ నుంచి వెళ్లగొట్టింది. దాదాపు 140 ఏళ్లు.

వాళ్లు పోయినా మాటలు ఉండిపోయాయి. మన తువ్వాలు వాళ్లదే. అల్మారా వాళ్లదే. చర్చి పాదిరీ వాళ్లదే. అన్నిటికన్నా దగ్గరిది ఒకటుంది. పోర్చుగీసు ఓడలో కెప్టెన్ కింద పైలట్ ఉంటాడు, వాడితోపాటు పనివాళ్లందరినీ నడిపించే మనిషి ఒకడుంటాడు. తెరచాపలు ఎత్తించేవాడు, తాళ్లు లాగించేవాడు, ఎవడు ఏ పని చేయాలో అరిచి చెప్పేవాడు. ఆయన్ని 'మెస్త్రె' అంటారు. అదే మన మేస్త్రీ. తాపీ పట్టుకున్న ప్రతివాడినీ మనం పిలిచే పిలుపు ఆ ఓడల మీద నుంచి దిగిన మాట. ఎస్మెరాల్డాలో కూడా ఒక మెస్త్రె ఉండే ఉంటాడు. లంగరు మీద చెయ్యి వేసి అది జారుతున్న సంగతి కెప్టెన్ కన్నా ముందు తెలుసుకున్నది ఆయనే అయుంటాడని నాకనిపిస్తుంది. అది నా ఊహ, చరిత్ర కాదు.

ఇప్పుడు మనకు నేరుగా తగిలే విషయం. ఒమన్ తీరమంతా ఇట్లాంటి పాత రేవులే. సలాలాలోనే అల్ బలీద్ ఉంది, సాంబ్రాణి ఎగుమతి చేసిన పాత రేవు. అక్కడ ఏ మూల జేసీబీ దింపినా ఏదో ఒకటి బయటపడొచ్చు. నేను చేసిన ఒక సైటులో, ఏ కంపెనీ అన్నది చెప్పను, డ్రైనేజీ లైనుకు కందకం తవ్విస్తున్నాం. సిరిసిల్ల తమ్ముడొకడు గడ్డపారతో అంచులు సరిచేస్తూ నన్ను పిలిచాడు. "అన్నా, గిది జూడు, మట్టిల నీలం రంగు పెంకు ఎల్లింది. ఇంకా ఉన్నయే లోపల." చూశాను. మెరుపున్న పింగాణీ ముక్కలు, పక్కన రాయి వరస. మనుషులు పేర్చిన వరస అని చూస్తేనే తెలుస్తుంది.

ఇంజినీరు సారు ఫోన్‌లో చెప్పింది ఒకటే, పూడ్చెయ్, బెడ్డింగ్ వేసెయ్. నేను పని ఆపి ఫోటోలు తీయించాను, సర్వేయర్‌తో పాయింట్ తీసుకున్నాను, కన్సల్టెంట్‌కు రాతపూర్వకంగా పంపాను. ప్రభుత్వం వాళ్లు వచ్చారు, చూశారు, కొలతలు తీసుకున్నారు. నాలుగు రోజులు ఆగింది. లైను మీటరున్నర పక్కకు జరిపి మళ్లీ మొదలుపెట్టాం.

నాలుగు రోజులు. ఆ గ్యాంగులో పదకొండు మంది. వాళ్లకు ఆ రోజుల ఓవర్‌టైమ్ పోయింది. రూమ్‌లో అందరూ ఆ తమ్ముడి మీద పడ్డారు. "నీ పెంకాసులు పాడుగాను, మా పైసలు పోయె" అని. వాడు తల దించుకుని తిన్నాడు. తర్వాత వాడిని వేరే సైటుకు మార్చారు, కారణం చెప్పలేదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది, చెవులు పెట్టి వినండి. పెద్ద ప్రాజెక్టులు చాలావరకు ఫిడిక్ అనే కాంట్రాక్టు పద్ధతిలో నడుస్తాయి. 1999 నాటి ఫిడిక్ ఎర్ర పుస్తకంలో 4.24 నంబరు క్లాజు ఉంది. తవ్వకంలో నాణేలు, పురాతన వస్తువులు, కట్టడాలు బయటపడి, వాటి విషయంలో ఇంజినీరు ఇచ్చిన ఆదేశాల వల్ల పని ఆలస్యమైతే కాంట్రాక్టరుకు గడువు పెంచాలి, అయిన ఖర్చు ఇవ్వాలి, అయితే టైముకు నోటీసు ఇచ్చి ఉండాలి. అంటే ఆగిన రోజుల డబ్బు కంపెనీ అడిగి తీసుకోవచ్చు. మిషన్ అద్దెకు, మనుషుల ఖాళీ గంటలకు బిల్లు పెట్టొచ్చు. పెట్టిన బిల్లులో మీ గంటలు ఉంటాయి, మీ చేతికి మాత్రం రావు. కాబట్టి అట్లాంటి రోజున టైమ్‌షీట్‌లో సెలవు అని రాయనివ్వకండి. హాజరు వేయించుకోండి. పని ఆపమన్నందుకు ఖాళీ అని రాయించండి. మేస్త్రీలు, ఫోర్‌మెన్‌లు, నాలాంటి సూపర్‌వైజర్లు ఈ ఒక్క లైను రాయగలరు. నేను ఆ నాలుగు రోజులూ అట్లాగే రాశాను. ఆ పదకొండు మందికి ఓవర్‌టైమ్ రాలేదు గానీ, ఒక్క రోజు జీతం కూడా కోయలేకపోయారు.

ఇంకో రెండు మాటలు. దొరికిందేదీ జేబులో వేసుకోవద్దు, ఎంత చిన్నదైనా, అందంగా ఉందని కూడా. ఈ దేశ చట్టం ప్రకారం అది నేరం. ఎయిర్‌పోర్టులో బ్యాగులో దొరికితే ఇంటికి పోవడం పక్కన పెట్టండి, వకీలు కోసం వెతుక్కోవలసి వస్తుంది. కడగడం, గీకడం కూడా చేయొద్దు. ఉన్నచోట ఉంచి, తడిది ఉంటే తడిబట్ట కప్పి, ఫోటో తీసి, పైవాళ్లకు రాతలో చెప్పండి. నోటి మాట కాదు. మన వాట్సాప్ మెసేజ్‌కు టైము ఉంటుంది, తేదీ ఉంటుంది. అతాయిద్ ఉత్తరం చేసిన పనే అదీ చేస్తుంది.

పోయిన వారం ఒక చెల్లెలు బహ్రెయిన్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది: "అన్నా, ఆ పైలట్లది ఏ ఊరో ఎక్కడా రాయలేదా?" నేను చదివినంతలో ముస్లిం పైలట్లు అనే ఉంది, అంతే. పోర్చుగీసు వాళ్లు ఆ మాటను గుజరాత్ వాళ్లకూ వాడారు, మలబార్ వాళ్లకూ వాడారు, అరబ్బులకూ వాడారు.

మస్కట్‌కు పోయేవాళ్లు నేషనల్ మ్యూజియం చూసి రండి, గంట, ఆస్ట్రోలేబ్ చూడాలంటే అక్కడే అడగండి. సలాలాలో ఉన్నవాళ్లకు అల్ బలీద్‌లోని సాంబ్రాణి నేల మ్యూజియం దగ్గర, అందులో ఓడల హాలు విడిగా ఉంది. శుక్రవారం టైమింగ్ వేరుగా ఉంటుంది, ముందు ఫోన్ చేసి పోండి. రెసిడెంట్ కార్డు వెంట పెట్టుకోండి. నలుగురు కలిస్తే టాక్సీ గిట్టుబాటవుతుంది.

ఉంటాను మరి. వచ్చేసారి మధ్యాహ్నం బ్రేక్ టైములో పని చేయించేవాళ్ల మీద ఫిర్యాదు ఎట్లా పెట్టాలో చూద్దాం.